మెట్టుమెట్టుగా మహాబలం.. కోడి రామ్మూర్తి నాయుడు

వీరఘట్టం: రొమ్ము పొంగించి ఇనుప గొలుసులను తెంచారు. రెండు మోటారు కార్లు చెరో దిక్కుకు లాగుతున్నా తాళ్లు పట్టుకుని కదలకుండా నిలిచారు. ఏనుగును ఛాతీపై నిలబెట్టుకున్నారు. కలియుగ భీముడిగా దేశదేశాల్లో ఖ్యాతి గడించిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు చెప్పగానే ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ విన్యాసాలే స్ఫురిస్తాయి. అయితే ఆ బలం పుట్టుకతో అమరిన వరం కాదు. ఒక లక్ష్యం పెట్టుకుని, దానికి తగిన శిక్షణ పొంది, ఏళ్ల తరబడి నియమం తప్పకుండా చేసిన సాధనకు దక్కిన ఫలమది.

బాల్యం నుంచే మక్కువ

పందొమ్మిదో శతాబ్దం ఎనభయ్యో దశకం తొలినాళ్లలో వీరఘట్టంలో రామ్మూర్తి నాయుడు జన్మించారు. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది. తరువాత శ్రీకాకుళం జిల్లాలో భాగమై, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లి కన్నుమూశారు. వేకువనే ఊరి చెరువు వద్దకు వెళ్లి వ్యాయామం చేసి వచ్చేవారని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటారు. చదువు కన్నా కసరత్తుపైనే మనసు లగ్నమైన ఆ బాలుడు విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగాడు. అక్కడి వ్యాయామశాలలో చేరి కుస్తీలో ఆరితేరాడు.

ముందు విద్య.. తరువాతే విన్యాసం

కండబలం ఉంటే చాలునని ఆయన తృప్తి పడలేదు. దేహాన్ని ఎలా తీర్చిదిద్దాలో శాస్త్రీయంగా నేర్చుకోవాలని సంకల్పించారు. మద్రాసులోని సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. ఉత్తీర్ణులై తిరిగి వచ్చి, తాను చదివిన విజయనగరంలోనే ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయునిగా చేరారు. విద్యార్థుల చేత కసరత్తులు చేయిస్తూనే తన సాధనను కొనసాగించారు. ప్రదర్శనలిచ్చే స్థాయికి చేరిన తరువాత పొట్టి పంతులు అనే మిత్రుని సహకారంతో సర్కస్ సంస్థను నెలకొల్పారు. నేర్చుకోవడం, నేర్పడం, ఆ పిమ్మట ప్రదర్శించడం.. ఇదీ ఆయన ఎదిగిన క్రమం.

రెండు అంకెల మధ్య సాధన

ఇరవై ఒకటో ఏట టన్నున్నర బరువును, తరువాతి కాలంలో మూడు టన్నులను ఆయన ఛాతీపై మోసేవారని జీవిత కథలు చెబుతున్నాయి. అబ్బురపరిచే ఆ అంకెల కన్నా వాటి నడుమ గడచిన కాలమే గమనించదగినది. మోయగలిగిన బరువుకు దేహం అలవాటు పడ్డాకే మరికొంత పెంచాలన్నది వ్యాయామశాలల్లో తొలిపాఠం. కండరాలు త్వరగానే బలపడినా కీళ్లు, స్నాయువులు గట్టిపడటానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా ఒక్కసారిగా బరువు పెంచిన వారు గాయాల పాలవుతారు.

రామ్మూర్తి నాయుడు శాకాహారి. ప్రాణాయామాన్ని నిత్యకృత్యంగా చేసుకున్నారు. నిండుగా శ్వాస పీల్చి బిగబట్టినప్పుడు ఛాతీ, ఉదరం దృఢంగా నిలిచి బరువును తట్టుకుంటాయి. గొలుసు తెంచడానికీ, ఏనుగును మోయడానికీ ఆయనకు ఊపిరే ఆధారం. దండీలు, బస్కీల వంటి దేశీయ కసరత్తులతోనే మహాబలం సాధ్యమని నిరూపించారు. పాశ్చాత్య మల్లుడు శాండో పేరు మారుమోగుతున్న ఆ రోజుల్లో, పరాయి పాలనలో ఉన్న భారతీయులకు ఆయన ప్రదర్శనలు ఆత్మవిశ్వాసాన్ని కలిగించాయి. ఆయనకు ఇండియన్ హెర్క్యులస్ అన్న పేరు స్థిరపడింది. ఆర్జించిన ధనంలో అధికభాగం దానధర్మాలకే వెచ్చించారని ప్రతీతి.

చివరి పరీక్ష

దేహమే సర్వస్వంగా జీవించిన ఆ మల్లయోధునికి చివరి దశలో ఆ దేహమే పరీక్ష పెట్టింది. కాలికి సోకిన వ్యాధి ముదరడంతో దానిని తొలగించవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, శ్వాసను నిగ్రహించి శస్త్రచికిత్సను భరించారని చెబుతారు. బరువులు ఎత్తడానికి అలవరచుకున్న నిగ్రహమే బాధను ఓర్చుకోవడానికీ తోడ్పడిందన్నమాట. ఒడిశాలోని బలంగీర్‌లో శేషజీవితం గడిపి, 1942 జనవరిలో సంక్రాంతి రోజుల్లో కన్నుమూశారు.

నేటి యువతకు ఆదర్శం

విశాఖ సాగరతీరంలో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని క్రీడా మైదానం ఆయన పేరుతోనే వెలసింది. సైన్యం, పోలీసు ఉద్యోగాల కోసం వేకువన మైదానాల్లో పరుగులు తీసే ఉత్తరాంధ్ర యువతకు ఆయన జీవితంలో అనుసరణీయమైన పాఠం ఉంది. ఎంపికల ప్రకటన వెలువడ్డాక హడావుడిగా నెల రోజులు శ్రమిస్తే ఫలితం దక్కదు. ఎంత దూరం, ఎంత సమయంలో పరుగెత్తాలో ముందుగా నిర్ణయించుకోవాలి. నేటి సామర్థ్యాన్ని కొలిచి రాసుకోవాలి. వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, విశ్రాంతికి, ఆహారానికి, నిద్రకు తగిన చోటివ్వాలి. శిక్షకుని పర్యవేక్షణ లేకుండా రామ్మూర్తి నాయుడి విన్యాసాలను అనుకరించడం ప్రాణాంతకం. అనుకరించవలసింది ఆయన ఎత్తిన బరువులను కాదు, వాటిని ఎత్తడానికి ముందు ఏళ్ల తరబడి పాటించిన క్రమశిక్షణను.