విప్పి చూసిన నాయుడు

మా తాతకు పాత అంబాసిడర్ ఉంది. ఎండాకాలం కరీంనగర్ ట్రాఫిక్‌లో ఆగితే చాలు, వేడెక్కుతుంది. బెల్టు ఫ్యాన్ ఇంజిన్‌తో పాటే నెమ్మదిస్తుంది కదా! ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడదామన్నా. ఆదిలాబాద్ దారిలో వైరు కాలితే ఎవరు చూస్తరని తాత ఒప్పుకోలేదు.

అప్పుడే జి.డి. నాయుడు గురించి చదివాను. ఇంజినూ కరెంటూ రెండూ తెలిసిన మనిషి. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టారు. బడి చదువు పెద్దగా లేదు. హోటల్లో సర్వర్‌గా చేసి, కూడబెట్టిన డబ్బుతో మోటార్ సైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించి ఇంజిన్ నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నిలబెట్టారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారని చెబుతారు. 1974లో చనిపోయారు.

నాకు పట్టుకున్నది ఆ విప్పి చూడడమే. నేను ఫోన్‌లో చదివి వాదించా గానీ బానెట్ ఎత్తలేదు. ఎత్తితే పాత డైనమో కనిపించింది. బండి ఆగినప్పుడే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి కరెంటు కావాలి, డైనమో తక్కువ ఇచ్చేదీ అప్పుడే. తాత భయం ఉత్తది కాదు. ముందు ఆల్టర్నేటర్, తర్వాతే ఫ్యాన్. ఈ సెలవుల్లో ఇద్దరం కలిసి విప్పుతం.