పదిహేను నెలల సున్నా



మన ఫెలోషిప్‌లో ఒంగోలు, కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లకు జాన్ క్లౌ దొరగారిని నేను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. సండే స్కూల్ రోజుల్లోనే విని ఉంటారు: 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. మనవాళ్లు ఈ సంఖ్యను ఎంత ఇష్టంగా చెప్పుకుంటారంటే, నాలుగు రెళ్లు వరసగా రావడం కూడా అందుకు కలిసొచ్చిందేమో అనిపిస్తుంది నాకు.

ఈసారి మీతో పంచుకోవాలనుకున్నది ఆ రోజు కన్నా దానికి ముందు గడిచిన పదిహేను నెలల గురించి. ఆ పదిహేను నెలల్లో క్లౌగారి సంఘంలో జరిగిన బాప్తిస్మాలు సున్నా. అడిగేవాళ్లు లేక కాదు. గుంపులు గుంపులుగా వచ్చి అడుగుతూనే ఉన్నారు. ఆయనే వద్దన్నారు.

నేను ఐటీలో ఒక టీమ్ నడిపేవాణ్ణి. మీలో చాలామందిలాగే మూడు నెలలకోసారి అంకెలు చూపించి బతికేవాణ్ణి. చేతికి అందుతున్న అంకెను కావాలని సున్నా దగ్గర ఆపేసిన మేనేజర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. అందుకే ఈ కథ మళ్లీ చదివాను.

క్లౌగారు 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది ఇల్లినాయ్, అయోవా వైపు. కుర్రతనంలో మిన్నెసోటాలో భూమి కొలిచే సర్వే బృందంతో కలిసి పనిచేశారు. గొలుసు పట్టుకుని అడవిలో నడవడం, లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి కొలవడం. ఈ సర్వే పని ముందు ముందు కథలోకి వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆయన్ని పంపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పట్లో మన తెలుగు ప్రాంతం ఒక తలనొప్పి. నెల్లూరులో పాతికేళ్లుగా పని జరుగుతున్నా విశ్వాసులు కొద్దిమందే. మూసేద్దామా అని బోర్డు ఒకటికి రెండుసార్లు చర్చించింది. 1862లో మళ్లీ ఆ మాట వచ్చినప్పుడు, అమెరికా వెళ్లి ఉన్న జూయెట్‌గారు ఒప్పుకోలేదు. ఎవరూ రాకపోయినా తాను తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. ఆయనకు తోడుగా దొరికినవారే క్లౌ. భార్య హారియట్‌తో 1864 చివర్లో ఓడెక్కి 1865లో నెల్లూరు చేరారు. 1866 సెప్టెంబరులో ఒంగోలుకు మారారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, ఎనిమిది మందితో.

మొదటి పరీక్ష అక్కడే ఎదురైంది. ఊళ్లో పెద్ద కులాలవాళ్లు తమ పిల్లల్ని మిషన్ బడికి పంపుతున్నారు. అప్పటి మిషనరీలు చాలామంది కోరుకున్నది కూడా అదే. ముందు పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెంట వస్తారని ఒక లెక్క. ఇంతలో తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగవాడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. వ్యాపారం మీద ఉత్తరానికి తిరిగినప్పుడు సువార్త విని, తనవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చినవాడు. అతని వెంట వాళ్లు రావడం మొదలయ్యేసరికి ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు బడికి రారు అని.

ఆ రోజు దంపతులిద్దరూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిచారని, ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందని క్లౌగారు తర్వాత చెప్పుకున్నారు. లోకం ఎన్నిక లేనివారనుకునేవారిని దేవుడు ఏర్పరచుకోవడం గురించిన మాటలవి. బడి ఖాళీ అయింది. మీరూ నేనూ అయితే ముందు ఒక కమిటీ వేసేవాళ్లం.

తర్వాత ఆయన మనుషుల్ని నడిపిన తీరు చూడండి. చేరేవాళ్ల ముందు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. పల్లెలో మాదిగవాడి బతుకులో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక పిడుగు. ఆదివారం పొలానికి రానంటే ఆసామి ఊరుకోడు. చచ్చిన గొడ్డు మీద కూడు, తోలు, ఊరితో ఉన్న లెక్కాజమా అంతా ఆధారపడి ఉంది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతా పగ. దెబ్బలు తిన్నారు, నీళ్లకు దూరమయ్యారు, పని పోగొట్టుకున్నారు. అయినా నియమాలు మూడే కాబట్టి చదువు రాని ముసలమ్మకు కూడా అవి నోటికి వచ్చేవి. తాను నిలబడిందో జారిందో ఆమెకే తెలిసేది. మా ఆఫీసులో మార్పు తెద్దామనుకున్న ప్రతిసారీ నలభై స్లైడ్లు వస్తాయి. చూసినవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు.

రెండోది, ఆయన పల్లె కట్టుబాటును పగలగొట్టలేదు. మాదిగపల్లెకు తన పెద్దలున్నారు, గురువు చుట్టూ శిష్యులు చేరే అలవాటుంది. ఆ పెద్దల్నే సంఘంలో పెద్దలుగా నిలబెట్టారు, పేరయ్యలాంటివాళ్లను తమ తీరులోనే బోధించనిచ్చారు. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలులో కలిసేవాళ్లు. ఎవరి పల్లెల్లో ఏం జరిగిందో చెప్పుకోవడం, వాక్యం నేర్చుకోవడం, చిక్కుముడులు విప్పుకోవడం, మళ్లీ బయల్దేరడం. మనం క్వార్టర్లీ రివ్యూ అని పిలిచేది అదే, కాకపోతే దీనికోసం చాలామంది రోజుల తరబడి నడిచి వచ్చేవాళ్లు.

అంతలో 1876లో వానలు ఎగ్గొట్టాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది దీన్నే. 1878 వరకు మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలికీ కలరాకూ పోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడికి వెళ్లిన మాదిగలను మేస్త్రీలు కసురుకోవడం, కొట్టడం, కూలిలో కోత పెట్టడం చూసి, క్లౌగారు కాలువలో మూడు మైళ్లకు పైగా ముక్కను తానే కాంట్రాక్టు తీసుకున్నారు. మిన్నెసోటా సర్వే చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. కొలతలు తనకే తెలుసు, ఇంజినీర్లతో వాళ్ల భాషలోనే మాట్లాడగలరు.

కూలీలకు పాకలు వేయించారు, నీటికి బావులు తవ్వించారు. మేస్త్రీలుగా ఎవర్ని పెట్టారంటే, తన బోధకుల్నే. ఒక్కొక్కరి కింద ఒక గుంపు. అదివరకు మేస్త్రీ అంటే కర్ర పట్టుకున్నవాడు. ఇప్పుడు మేస్త్రీకి తన గుంపులో ఎవరి బిడ్డకు జ్వరమో తెలుసు, ఎవరు నిన్నటి నుంచి తినలేదో తెలుసు. పని మధ్య కాస్త కూర్చున్నప్పుడు, ప్రయాసపడి భారం మోసేవాళ్లను యేసు పిలిచిన సంగతి చెప్పేవాళ్లు. తట్ట దింపి కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో మీరే ఊహించండి.

ఇక వినండి. అక్కడ తవ్విన వేలమందిలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా క్లౌగారు ఒక్కరికీ ఇవ్వలేదు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. కూలి డబ్బు ఆయన చేతిలో ఉంది. తర్వాత పంచిన సహాయ నిధీ ఆయన చేతిలోనే ఉంది. అన్నం పెట్టే చేయీ బాప్తిస్మం ఇచ్చే చేయీ ఒక్కటే అయినప్పుడు, అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో అడిగేవాడికే సరిగ్గా తెలియకపోవచ్చు. వాళ్లను అబద్ధికులని ఆయన అనలేదు. ఆ పరిస్థితిలో నిజం తేల్చే దారి తనకు లేదనుకున్నారు, అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో, నెలకు ఎన్ని టికెట్లు మూస్తే అంత బోనస్ అని టీమ్‌కు చెప్పాను. ఐడియా నాదే. రెండు నెలలు గ్రాఫ్ నిటారుగా పైకెళ్లింది, నాకు మెచ్చుకోళ్లు వచ్చాయి. మూడో నెలలో అవే సమస్యలు కొత్త నంబర్లతో తిరిగొచ్చాయి. మా పిల్లలు మోసగాళ్లు కారు. నేను డబ్బునూ లెక్కనూ ఒకే తాడుకు కట్టేశాను, వాళ్లు ఆ తాడు లాగారు. ఆ ఏడాది ఎవరి పని నిజంగా బాగుందో చెప్పలేక అప్రైజల్ రాయడానికి నానా తిప్పలు పడ్డాను. అందులో ఒకరికి అన్యాయం జరిగిందని ఇప్పటికీ నాకు అనుమానం.

క్లౌగారి నిర్ణయం సులువైనదని మాత్రం అనకండి. ఇది కరువు. ఇవాళ అడిగిన మనిషి వచ్చే నెలకు ఉంటాడన్న నమ్మకం లేదు. బాప్తిస్మం కోరి, పొందకుండానే కాలువ గట్టున కన్నుమూసినవాళ్లు తప్పక ఉండి ఉంటారు. ఆ స్థానంలో నేనుంటే ఆగగలిగేవాణ్ణా అంటే, చెప్పలేను. అమెరికాలో డబ్బు పంపే సంఘాలకు రాసే రిపోర్టు సంగతి సరేసరి.

1878 నడిమికి వానలు పడ్డాయి, సహాయం పంచడం ముగిసింది. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో విశ్వాసులను మాత్రమే కలుద్దామనుకుని క్లౌగారు వెళ్లారు. వెళ్లి చూస్తే వేలమంది. ఆయన ఒక గోడ ఎక్కి నిలబడి చెప్పారు: నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అని. డబ్బు కోసం రాలేదని వాళ్లు బదులిచ్చారు. కష్టపడి పనిచేశామనడానికి చేతుల మీది బొబ్బలే సాక్ష్యమనీ, మళ్లీ పంట పోయి చావాల్సి వచ్చినా క్రైస్తవులుగానే చస్తామనీ అన్నారు.

అప్పుడు కూడా అందర్నీ ఏట్లో దింపేయలేదు. ఏ పల్లెవాళ్లు ఆ పల్లె బోధకుడి చుట్టూ కూర్చున్నారు. కాలువ మీద నెలల తరబడి వాళ్లను దగ్గర నుంచి చూసినవాళ్లే ఇప్పుడు ఒక్కొక్కరినీ విచారించి పేర్లు రాశారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ 3వ తేదీన పొద్దున ఆరింటికి మొదలైంది. ఏట్లో ఒకేసారి ఇద్దరు. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు. అలా మొత్తం ఆరుగురు బోధకులు, అందరూ తెలుగువాళ్లే. మధ్యాహ్నం కాసేపు ఆగి సాయంత్రానికి ముగించారు. క్లౌగారు నీళ్లలోకి దిగలేదు. ప్రపంచమంతా ఆయన పేరు మీద చెప్పుకునే ఆ రోజున ఆయన చేత్తో బాప్తిస్మం పొందినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘంలో 12,000 మందికి పైగా ఉన్నారు. చిక్కు కూడా అక్కడే మొదలైంది. వందల పల్లెల్లో పరుచుకున్న సంఘానికి ఒక్క ఒంగోలు చాలదు. నేర్పేవాళ్లు చాలలేదు. రామపట్నం సెమినరీ నుంచి వచ్చేవాళ్లు వచ్చినట్టే సరిపోయేవారు కాదు. 1880ల తొలి ఏళ్లలో ఆ ప్రాంతాన్ని విడదీసి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల కేంద్రాలుగా వేరే మిషనరీలకు అప్పగించారు. బోధకులకు మిషన్ డబ్బు ఇచ్చే పద్ధతి ఉండేది. పల్లె సంఘాలు సొంత కాళ్ల మీద నిలబడాల్సి వచ్చినప్పుడు అది భారమైంది. అంత జాగ్రత్తగా తలుపు కాచిన మనిషి, లోపలికి వచ్చాక ఎవరు ఎవర్ని పోషించాలో అంతే జాగ్రత్తగా ముందు చూడలేకపోయారని నాకు అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

హారియట్‌గారు 1893లో చనిపోయారు. క్లౌగారు 1910లో ఒంగోలు విడిచి అమెరికా వెళ్లి, ఆ నవంబరులోనే రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఆయన జీవితకథను రెండో భార్య ఎమ్మాగారు పుస్తకంగా తీసుకొచ్చారు. అందులో ఆయన మాటిమాటికీ తలుచుకునేది పేరయ్యలాంటి బోధకుల్నే.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు విజయవాడ నుంచి ఒంగోలుకు హైవే మీద వస్తుంటే, ఒంగోలు ఇంకా కొద్ది దూరం ఉందనగా గుండ్లకమ్మ వంతెన వస్తుంది. పిల్లలు నిద్రపోతుంటే లేపండి. ఎండాకాలమైతే ఏట్లో నీళ్లు పెద్దగా కనబడవు.