మనసు పెట్టమన్నాడు, మందు మానమనలేదు

చేయి తగలకుండానే, ఒట్టి సంకల్పంతో శక్తి పంపి జబ్బు తగ్గిస్తారట, నిజమేనా డాక్టరుగారూ అని ఓపీలో నెలకొక్కరైనా అడుగుతారు. ఒకరు రేకీ అంటారు, ఇంకొకరు చైనా చిగాంగ్ అంటారు. వెనక వందమంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటే నేను తల అడ్డంగా ఊపి ఊరుకుంటాను. అసలు జవాబు ఒక మనిషి కథలో ఉంది. ఈ వారం అది మీకు చెబుతాను.

అమరావతి దగ్గరి ధాన్యకటకానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ మీకు స్కూలు పుస్తకాల్లో గుర్తుండే ఉంటాడు. సున్ సిమియావో ఆయన కాలపు వైద్యుడే. 581లో పుట్టి 682లో పోయాడని సంప్రదాయంగా చెబుతారు. ఊరు ఇప్పటి షాన్‌షీ రాష్ట్రంలో, అప్పటి రాజధాని చాంగాన్‌కు ఉత్తరాన ఉంది. చిన్నప్పుడు ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. ఇంట్లో ఉన్నదంతా అతని మందులకే కరిగిపోయింది. అందుకే వైద్యం పట్టాడు. తాయ్‌జోంగ్, గావోజోంగ్ చక్రవర్తులు పదవి ఇస్తామన్నా పుచ్చుకోలేదు.

652లో 30 సంపుటాల గ్రంథం ముగించాడు. మనిషి ప్రాణం వెయ్యి బంగారు తులాలకన్నా విలువైనదని, ఆ వెయ్యి బంగారాన్నే పుస్తకం పేరులో పెట్టాడు. రోగాల వరసలో ఆడవాళ్ల జబ్బులు, పసిపిల్లల జబ్బులు ముందుంచాడు. వాటన్నిటికన్నా ముందు, వైద్యుడు ఎలా ఉండాలో రాశాడు.

రోగి దగ్గరికి వెళ్లేముందు వైద్యుడు మనసు నిలపాలి, కోరికలన్నీ పక్కన పెట్టాలి, ఈ బాధ తీర్చాలన్న కరుణ ముందు తనలో పుట్టాలి అంటాడు. ఇది బౌద్ధం వాసన. బుద్ధుడికి వైద్యం చేసిన మన జీవకుడి పేరు కూడా అతని రాతల్లో కనిపిస్తుంది. రోగి ధనికుడా పేదా, సొంతవాడా పరదేశీనా అని చూడకూడదు. అర్ధరాత్రి అయినా, ఆకలేస్తున్నా వెళ్లాలి. గొప్పింటికి వెళితే పట్టుబట్టల వైపు కన్ను పోకూడదు. తోటి వైద్యుణ్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఈ చివరిది మా వాళ్లకు చాలా కష్టం. చీము, విరేచనం, దుర్వాసన ఉన్న రోగిని చూసి మొహం చిట్లించకూడదు, లోపల కూడా అసహ్యపడకూడదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో షుగర్ పుండుకు పురుగులు పట్టిన పెద్దాయన ఒకాయన వచ్చాడు. మొహం పక్కకు తిప్పుకుని కట్టు విప్పాను. ఆయన చూశాడు. మళ్లీ కట్టు మార్పించుకోవడానికి రాలేదు. వచ్చేసరికి మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. మందులో లోపం లేదు.

చైనా భాషలో వైద్యం అనే మాట, సంకల్పం అనే మాట పలకడంలో దగ్గరదగ్గరగా ఉంటాయి. వైద్యమంటే సంకల్పమేనని అక్కడ పాత నానుడి. సిమియావోకు అయిదు వందల ఏళ్ల ముందు గువో యూ అనే ఆస్థాన వైద్యుడుండేవాడు. పేదలకు అతని సూది గురి తప్పేది కాదు, గొప్పవాళ్లకు పనిచేసేది కాదు. చక్రవర్తి ఒక గొప్పింటి రోగికి పాత బట్టలు తొడిగి, చోటు మార్చి కూర్చోబెట్టాడట. ఒక్క సూదికే తగ్గింది. కారణం అడిగితే, గొప్పవాళ్ల ముందు భయంతో తన మనసు సూది మీద నిలవదని గువో యూ ఒప్పుకున్నాడు. గమనించారా, ఇక్కడ సంకల్పం రోగి ఒంట్లోకి దూరే శక్తి కాదు. వైద్యుడి చేతిని, కంటిని పని మీద నిలిపేది.

సిమియావోకు ఈ తేడా బాగా తెలుసు. మూత్రం బంద్ అయి పొట్ట ఉబ్బిన రోగికి అతను సంకల్పం పంపలేదు. ఉల్లికాడ కొన తుంచి, మూత్రనాళంలోకి మూడు అంగుళాల లోతున జొనిపి, నోటితో మెల్లగా ఊదమన్నాడు. మేం వార్డులో వేసే కెథెటర్‌కు అది తాత! రేచీకటికి జంతువుల కాలేయం పెట్టాడు. అందులో ఉండేది విటమిన్ ఎ. గొంతు కింద కాయకు సముద్రపు నాచు ఇచ్చాడు. అందులో ఉండేది అయోడిన్. ఈ పేర్లు అతనికి తెలియవు, తగ్గడం మాత్రం చూశాడు.

కుష్ఠు రోగులను ఆరు వందలమందికి పైగా తన చేతులతో చూసుకున్నాడు. కరుణకు లోటు లేదు. అయినా నయమైంది పదిమందిలో ఒక్కరికేనని తనే రాసిపెట్టాడు. ఇప్పుడు మన పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే మాత్రలతో ఆరు నెలలకో ఏడాదికో తగ్గిపోయే జబ్బు అది. సంకల్పం గల వైద్యుడు ఫలితాన్ని ఉన్నదున్నట్టు రాయడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

అలాగని అతణ్ని మన కాలపు శాస్త్రవేత్తగా చూపిస్తే అబద్ధమవుతుంది. రెండో గ్రంథం చివరి రెండు సంపుటాలూ మంత్రాలే. నియమాలు పాటించి, ఊపిరి బిగబట్టి, సంకల్పంతో మంత్రిస్తే జబ్బు పారిపోతుందని రాశాడు. మన తేలు మంత్రం లాంటివే. అవి తగ్గించాయనడానికి ఆధారం లేదు. చేతులతో శక్తిని పసిగడతామనే అమెరికా హీలర్లను 21 మందిని ఒక చిన్నపిల్ల పరీక్షించింది. అడ్డుతెర వెనక తన చేయి వాళ్ల ఏ చేతి పైన ఉందో చెప్పమంది. 280 సార్లలో సరిగ్గా చెప్పింది 44 శాతం. ఊరికే ఊహించినా సగం సరిపోవాలి. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ దీన్ని అచ్చువేసింది.

హీలర్ దగ్గరికి వెళ్లి వస్తే మీకు తేలికగా అనిపించవచ్చు. మీ మాట అరగంట విన్నారు కదా, నొప్పీ దిగులూ కొంత తగ్గుతాయి. మేం రెండు నిమిషాలు కూడా ఇవ్వలేకపోతున్నాం, అది మా లోటు. వెళితే వెళ్లండి. ఇన్సులిన్, టీబీ మాత్రలు, ఫిట్స్ మందు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి. ఆపమని చెప్పేవాళ్ల దగ్గర ఆ పూటే లేచి వచ్చేయండి.

పోయేముందు సిమియావో తనను ఆడంబరం లేకుండా పాతిపెట్టమన్నాడు. సమాధిలో వస్తువులు వద్దన్నాడు, తన పేరున జంతువులను బలి ఇవ్వొద్దన్నాడు. అతని ఊరి పక్క కొండను ఇప్పటికీ మందుల రాజు కొండ అనే పిలుస్తారు.