పాత పెట్టెలోని మూడు పుస్తకములు

నలుగురు బల్లచుట్టు కూర్చుండి, పాచికలు వేయుచు, తామే వీరులును మాంత్రికులునై యొక కథను నడుపుకొను ఆట కలదు. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దానిని రచించిన యిరువురిలో నొకడగు గ్యారీ గైగాక్స్ 1938లో చికాగోలో జన్మించి, విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవాలో పెరిగెను. 1970లో భీమా కంపెనీ యుద్యోగము పోగా, బూట్లు బాగుచేయుచు సంసారము నీడ్చెను.

డేవ్ ఆర్నెసన్ అను మిత్రుడు తాను నడుపుచున్న ఆటను చూపగా, గైగాక్స్ దానికి నియమములు కూర్చెను. 1973లో బాల్యమిత్రుడు డాన్ కేతో కలిసి కంపెనీ స్థాపించెను. మరుసటి యేడు, పెట్టెకు మూడేసి చిన్న పుస్తకములుగా, వేయి ప్రతులు వెలువడెను. చదివినవారికి సగము బోధపడలేదు. చిత్రమేమన, ఆ లోటే ఆటకు ప్రాణమయ్యెను; చెప్పక విడిచినదానిని ఎవరికివారు ఊహతో పూరించుకొనిరి. అంతటి స్వేచ్ఛ నిచ్చినవాడే 1977 మొదలు పెద్ద గ్రంథములు వ్రాసి, ఎల్లరును ఒకే తీరున ఆడవలెనని పట్టుపట్టుట నాకు వింతగనే తోచును.

1985లో కంపెనీపై అధికారము చేజారెను. మరుసటి యేడు దానిని విడిచెను. 1989 నాటి రెండవ కూర్పు అతని ప్రమేయము లేకయే వచ్చెను. పాతదానిని మరువలేని అభిమానులు 2006లో ఆ తొలి నియమములను తమ మాటలలో తిరిగి వ్రాసి ఉచితముగా పంచిరి. గైగాక్స్ 2008 మార్చి 4న లేక్ జెనీవాలోనే కన్నుమూసెను. 2012లో, అప్పటి హక్కుదారులు అతని పెద్ద గ్రంథములు మూడింటిని మరల అచ్చువేసి, రాబడిలో కొంత అతని స్మారకనిధికి ఇచ్చిరి.