చందాలపై నిలిచిన విద్యాపీఠము: మౌలానా ఖాసిం నానౌతవీ చరిత్రము

రాజులిచ్చిన మాన్యములు, ధనికులు వ్రాసియిచ్చిన భూములు లేనిదే విద్యాలయము నిలువదని పూర్వము జనులు తలంచుచుండిరి. మాన్యము పోయిన నాడే పాఠశాలయు మూతపడుట వారు కన్నులార చూచిన సంగతియే. అట్టి కాలమున బీదవాని అణాపైసలనే పునాదిగా గొని యొక మహావిద్యాపీఠమును నిలిపినవారిలో అగ్రగణ్యుడు మౌలానా మహమ్మదు ఖాసిం నానౌతవీ.

ఆయన 1833వ సంవత్సరమున ఉత్తర హిందూస్థానమందలి సహారన్‌పూరు జిల్లాలో నానౌతా యను గ్రామమున జన్మించెను. ఆ యూరి పేరే ఆయనకు ఇంటిపేరువలె స్థిరపడినది. బాల్యముననే బంధువగు మౌలానా మమ్లూక్ అలీ వెంట ఢిల్లీ కేగెను. మమ్లూక్ అలీ ఢిల్లీ కళాశాలలో అరబ్బీ పండితుడు. ఆయనయొద్ద శాస్త్రములను, షా అబ్దుల్ ఘనీ యొద్ద హదీసును, అనగా ప్రవక్త వచనములను, చర్యలను తెలుపు విద్యను అభ్యసించెను. సహాధ్యాయి యగు రషీద్ అహ్మద్ గంగోహీ ఆయనకు ప్రాణమిత్రుడయ్యెను. ఇరువురును హాజీ ఇమ్దాదుల్లాను ఆధ్యాత్మిక గురువుగా వరించిరి.

ఇంత చదివియు ఆయన సర్కారు కొలువు నాశింపలేదు. అచ్చుకూటములలో ప్రూఫులు దిద్దుటయే ఆయన జీవనోపాధి. మౌలానా అహ్మద్ అలీ సహారన్‌పురీ ఢిల్లీలో బుఖారీ హదీసు గ్రంథమును ముద్రించినపుడు చివరి భాగముల వ్యాఖ్యను పూరించు భారమును ఈ యువకునకే అప్పగించెను.

1857లో తిరుగుబాటు చెలరేగెను. షామ్లీ పోరాటమున ఆయనయు పాల్గొనెనని ఆయన శిష్యపరంపర చెప్పుచున్నది. తిరుగుబాటు అణగిన పిదప గురువు ఇమ్దాదుల్లా మక్కాకు వలసపోయెను. గంగోహీ కొంతకాలము చెరసాలలో నుండెను. ఢిల్లీలో పండిత గృహములు పాడుపడెను. పోషించు ప్రభువులు లేరైరి. ఇక శాస్త్రవిద్య ఎవరి నీడన బ్రతుకవలెననునదే నాటి ప్రశ్న.

దానికి సమాధానము దేవబంద్ అను చిన్నయూర దొరకెను. 1866 మే నెలాఖరున అచటి ఛత్తా మసీదులో నొక దానిమ్మచెట్టు క్రింద పాఠశాల ప్రారంభమాయెను. తొలి యుపాధ్యాయుడు ముల్లా మహమూద్. తొలి విద్యార్థి మహమూద్ హసన్. హాజీ ఆబిద్ హుసేన్ మున్నగు స్థానికులు చందాలు పోగుచేసిరి. నాడు మీరటులో అచ్చుపని చేసికొనుచున్న ఖాసిం దీనికి సంరక్షకుడై దారి చూపెను. ఇదియే తరువాత దారుల్ ఉలూం, అనగా విద్యానిలయము, అని ప్రసిద్ధి కెక్కెను.

ఆయన ఈ పాఠశాలకై ఎనిమిది నియమములు వ్రాసెను. స్థిరమైన జాగీరుగాని, కర్మాగారముగాని, ధనికుని వాగ్దానముగాని చేజిక్కిన నాడు భగవంతునిపై భారము వేయు బుద్ధి నశించి, పనివారిలో కలహములు పుట్టునని ఆయన హెచ్చరించెను. ప్రభుత్వము యొక్కయు శ్రీమంతుల యొక్కయు జోక్యము హానికరమనెను. పేరు కోరని సామాన్యుని చందాయే శుభకరమనెను. సలహా చెప్పువారు తమ మాటయే నెగ్గవలెనని పట్టుపట్టరాదని కూడ అందు విధించెను. అన్నము పెట్టువాడే ఆజ్ఞ పెట్టునను లోకరీతిని ఆయన బాగుగ నెరిగినవాడు. అన్నము పెట్టువారు వేలకొలది యున్నచో ఏ యొక్కని ఆజ్ఞయు చెల్లదు గదా!

వచ్చిన ప్రతి కానుకయు ఏటేట అచ్చైన నివేదికలలో కెక్కుచుండెను. ధనముతో పాటు పుస్తకములు, ధాన్యము ఇచ్చినవారి పేర్లును అందు చోటు చేసికొనెను. లెక్క నలుగురి యెదుట నుంచిన చోట నమ్మకము పెరుగును. నమ్మకమున్న చోట చందా ఆగదు.

బోధించునది పాత శాస్త్రమే యైనను నడుపు తీరు క్రొత్తది. తరగతులు, నియతమైన పాఠ్యక్రమము, వార్షిక పరీక్షలు, గ్రంథాలయము ఏర్పడెను. బోధన ఉర్దూలో సాగినందున దూరప్రాంతముల విద్యార్థులును చేరిరి. 1876లో సొంత భవనమునకు శంకుస్థాపన జరిగెను. గ్రంథములకే పరిమితుడు గాక, కులీన కుటుంబములు అవమానముగ నెంచిన వితంతు వివాహమును ఆయన ప్రోత్సహించి, తన యింట విధవయైన అక్కతోనే దానిని ఆరంభించెను.

ఇంగ్లీషును, నవీన శాస్త్రములను చేర్చలేదని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆ విద్యలకు సర్కారు బడులు గలవనియు, దిక్కులేనిది పాత విద్యయే యనియు ఆయన వాదము. ఆ వెలితి మాత్రము వాదముతో తీరునది కాదు. 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో ఆంగ్ల విద్యాలయమును నెలకొల్పెను. మతసిద్ధాంతములపై వీరిరువురకు లేఖలలో గట్టి వాదము నడచినది. అయినను 1880 ఏప్రిల్‌లో, నలుబదియేడవ యేట, ఖాసిం దేవబంద్‌లో కన్నుమూసినపుడు ఆయన సచ్ఛీలమును మనసార కొనియాడుచు వ్యాసము వ్రాసినవారిలో సర్ సయ్యద్ ఒకడు.

ఆయన వేసిన విత్తు అనేక శాఖలుగా పెరిగినది. దానిమ్మచెట్టు క్రింద చదివిన మహమూద్ హసన్ స్వాతంత్ర్య పోరాటమున మాల్టా ద్వీపమున ఖైదీయై, విడుదలయైన 1920లోనే అలీగఢ్‌లో జామియా మిల్లియా విద్యాపీఠమును ప్రారంభించెను. దేవబంద్ తొలి విద్యార్థి అలీగఢ్ గడ్డపై ఆ పని చేయుటతో, విడివడిన రెండు పాయలు ఒక్కచో కలిసినట్లాయెను. మహమూద్ హసన్ శిష్యుడు మహమ్మదు ఇలియాస్ మేవాత్ పల్లెలలో తబ్లీగు ఉద్యమమును నడపెను. ఖాసిం కుమారుడు హాఫిజ్ మహమ్మదు అహ్మద్ చిరకాలము దేవబంద్ విద్యాపీఠమును నిర్వహించి, నడుమ హైదరాబాదు సంస్థానమున ముఫ్తీగా పనిచేసి, 1928లో గతించి హైదరాబాదులోనే సమాధియందు నిద్రించుచున్నాడు.

మసీదు ముంగిట మొదలైన ఆ పాఠశాల నూట యేబది యేండ్లు దాటినది. అది మొదలైన నాడు దానికి మాన్యము లేదు, జాగీరు లేదు. ఉన్నది చందాదారుల పట్టిక మాత్రమే.