మొవ్వ క్షేత్రయ్య

కృష్ణా డెల్టాలో, కూచిపూడికి చెంతనే, మొవ్వ యను గ్రామము కలదు. అచటి వేణుగోపాలస్వామియే క్షేత్రయ్య పదములకు మువ్వగోపాల ముద్ర యయ్యెను. ఆయన 17వ శతాబ్దివాడు. తొలిపేరు వరదయ్య యనియు, క్షేత్రములు పెక్కు సేవించుటచే క్షేత్రయ్య యయ్యెననియు పెద్దలందురు. ఆయన బాల్యమును గూర్చిన కథలు పెక్కులు గలవు. ఆధారము చాలదు గావున విడిచెదను.

ఆయన ముద్రతోనున్న పదమొకదానిలో ఒక లెక్క కలదు. మధుర తిరుమల నాయకుని కొలువునను, తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువునను, గోలకొండ పాదుషా కడను చెప్పిన పదముల సంఖ్య అది. గోలకొండలో నలువది దినములకు వేయిన్నైదువందలట! మొత్తము నాలుగువేలకు మించును. ఇది జమ. నేడు చిక్కిన నిలువ నాలుగువందలకు లోపే. లెక్కలతో బ్రతికినవానికి ఈ పద్దు చూడగా గుండె కలుక్కుమనును.

1673లో విజయరాఘవుడు యుద్ధమున కూలెను. 1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. కొలువులు చెదరినవి. తాటాకున వ్రాసికొన్నచో సాహిత్యము నిలుచును గాని పదము నిలువదు. దాని ప్రాణము విలంబకాలమున నున్నది. రాగము ఒక్క మాటను మెల్లగా సాగదీయుచుండ, నర్తకి ఆ మాటకే పలువిధముల అభినయము పట్టవలెను. అలిగిన నాయిక, వంచితయైన నాయిక, చెలికత్తెతో మొఱపెట్టుకొను నాయిక, వీరి పలుకు మన యిండ్లలోని తెలుగే. ఆ విద్య గురుముఖమున గాని అబ్బదు.

దానిని కాపాడినవారు ఆంధ్రదేశపు కలావంతులును, తమిళదేశపు దేవదాసీ కుటుంబములును. తల్లి పాడగా కూతురు నేర్చెను. సంఘము వారిని చిన్నచూపు చూచెను. శృంగారము మితిమీరెనని కొందఱు పదములనే ఈసడించిరి. నాకది సమ్మతము కాదు. ఆ నాయిక దుఃఖము ఏ గృహిణికి తెలియనిది?

1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కొన్ని పదములు స్వరసహితముగా చేరినవి. తరువాత విస్సా అప్పారావుగారు పదములను సేకరించి ప్రకటించిరి. చెన్నపురిలో వీణ ధనమ్మాళ్ (1867–1938) పదగానమునకు పెట్టినది పేరు. ఆమె మనుమరాండ్రలో బృంద, ముక్త గానముచేతను, బాలసరస్వతి అభినయముచేతను ఆ సొత్తును నిలిపిరి.

1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణను నిషేధించు చట్టము వచ్చెను. అది న్యాయమే. కాని ఆ యిండ్ల చదువు ఎవరి పాలు కావలెనో చట్టము చెప్పలేదు.