ఫోన్ లైన్లు ఎన్ని కావాలి? ఒక లెక్కల మాస్టారి కథ



ఈ లెక్కలు ఎక్కడ పనికొస్తాయని మీ పిల్లలు అడుగుతున్నారా? అయితే వారికి ఆగ్నర్ ఎర్లాంగ్ గురించి చెప్పండి.

ఆయన 1878లో డెన్మార్క్‌లోని ఒక పల్లెటూళ్లో పుట్టారు. నాన్నగారు ఊరి బడిలో మాస్టారు. అన్నయ్య పుస్తకం చదువుతుంటే ఎర్లాంగ్ ఎదురుగా కూర్చుని, తలకిందులుగా కనిపించే అక్షరాలనే చదివేసేవారట. స్కాలర్‌షిప్‌తో కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో చదివి, 1901లో ఎం.ఏ. పూర్తి చేశారు. తర్వాత ఏడేళ్లు స్కూళ్లలో పాఠాలు చెప్పారు.

1908లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చేరారు. అక్కడ ఆయనకు ఎదురైన సమస్య ఇది: లైన్లు తక్కువైతే జనానికి ఫోన్ కలవదు, ఎక్కువైతే డబ్బు దండగ. ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారో తెలియనప్పుడు ఎన్ని లైన్లు వేయాలి?

గంటకు 20 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకోండి. మొత్తం 60 నిమిషాలే కాబట్టి ఒక్క లైను చాలనిపిస్తుంది. కానీ కాల్స్ క్యూలో నిలబడి రావు కదా! 1917లో ఎర్లాంగ్ ప్రాబబిలిటీతో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక్క లైనుంటే సగటున సగం కాల్స్ కలవవు. 2 లైన్లుంటే 5లో ఒకటి, 3 ఉంటే 16లో ఒకటి, 4 ఉంటే 65లో ఒకటి మాత్రమే కలవదు.

ఆయన కాగితం దగ్గరే ఆగిపోలేదు. కేబుళ్లలో కరెంటు కొలవడానికి, నిచ్చెన మోసే పనివాణ్ణి వెంటబెట్టుకుని వీధుల్లోని మ్యాన్‌హోళ్లలోకి స్వయంగా దిగేవారు.

1929లో, 51 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 1946లో టెలిఫోన్ ట్రాఫిక్‌ను కొలిచే యూనిట్‌కు ఎర్లాంగ్ అని పేరు పెట్టారు. 1980లలో ఎరిక్సన్ కంపెనీ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాషకూ అదే పేరు. మీ వాట్సాప్ సర్వర్ల వెనుక ఉన్నది ఆ భాషే. నేటి ఇంటర్నెట్ కాల్స్ భారాన్ని ఒకే కంప్యూటర్‌పై వేయకుండా చాలా సర్వర్లకు పంచుతారు. ఒకటి ఆగినా మిగతావి పని చేస్తాయి. ఒకేసారి ఎన్ని కాల్స్‌కు చోటుండాలో తేల్చడానికి ఇంజనీర్లు ఇప్పటికీ ఆయన సూత్రాన్నే వాడుతున్నారు.

ఈ ఆదివారం 1 నుంచి 60 వరకు చీటీలు రాసి డబ్బాలో వేయండి. మీ పాప లేదా బాబు చేత 20 సార్లు తీయించండి. తీసిన చీటీని ప్రతిసారీ మళ్లీ డబ్బాలోనే వేయాలి. ప్రతి అంకె ఒక కాల్ మొదలైన నిమిషం. ఒక్కో కాల్‌కు 3 గళ్లు రంగు వేయమనండి. ఎన్ని కాల్స్ ఒకదానిపై ఒకటి పడ్డాయో చూశాక, ఎన్ని లైన్లు కావాలో వాళ్లనే అడగండి.